అమ్మ మోకాలి ఆపరేషన్: మూడు ఆసుపత్రుల్లో ఏది? రేటింగులు చదివి బుర్ర తిరుగుతోంది

తెనాలి_పిల్ల
మార్చి 3, రాత్రి 10:12

నమస్తే అండీ. మా అమ్మకి 66 ఏళ్ళు, రిటైర్డ్ టీచరు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, మార్పిడి తప్ప దారి లేదని చూసిన ముగ్గురు డాక్టర్లూ చెప్పారు. ఎడమది ఇంకో రెండేళ్ళు నెట్టుకురావచ్చట. షుగర్ పన్నెండేళ్ళ నుంచి ఉంది. అమ్మ ఉండేది తెనాలిలో, నా ఉద్యోగం హైదరాబాద్‌లో.

మూడు చోట్లు అనుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి: గూగుల్‌లో 4.8, లాబీ స్టార్ హోటల్లా ఉంది, ప్యాకేజీ 2 లక్షల 90 వేలు. విజయవాడలో ఒక ఎముకల ఆసుపత్రి: అరవై పడకలు, గూగుల్‌లో 4.1, లిఫ్ట్ ఇరుకు, కారు పెట్టుకునే చోటు లేదు, లక్షా 75 వేలు. మూడోది వేలూరు సీఎంసీ. మా పెదనాన్న వాళ్ళు "కళ్ళు మూసుకుని వెళ్ళండి" అంటారు.

ఎక్సెల్‌లో పట్టిక వేశాను. రేటింగ్, ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రి నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) ఉందా లేదా, ఖర్చు, దూరం. వారం నుంచి రివ్యూలు చదువుతున్నా. ఒకరు "వరల్డ్ క్లాస్" అంటారు, దాని కిందే ఇంకొకరు "దయచేసి ఎవరూ రావద్దు" అంటారు. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఒకే వారం. అసలు దేన్ని చూసి పోల్చాలి?


ఓపీ_చీటీ
మార్చి 3, రాత్రి 10:31

4.8 వచ్చిందంటే ఆపరేషన్లు బాగా చేస్తారని కాదమ్మా, డిశ్చార్జ్ కౌంటర్లో అమ్మాయి బాగా అడుగుతుందని. మా బావగారు డిశ్చార్జ్ అయిన రోజు, బిల్లు కట్టగానే ఒక పిల్ల ట్యాబ్ పట్టుకుని వచ్చింది. "సార్, ఫైవ్ స్టార్ ఇస్తే నాకు ఇన్సెంటివ్ వస్తుంది" అంది. పాపం అనిపించి ఇచ్చేశాం. అప్పటికి ఆయన కుట్లు కూడా విప్పలేదు.

ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ళ సంగతీ అంతే. సగం పార్కింగ్ గురించి, సగం బిల్లు గురించి.


రిటైర్డ్_మాస్టారు
మార్చి 4, ఉదయం 6:05

అమ్మా, నాకు రెండు మోకాళ్ళూ అయ్యాయి, వేలూరులోనే. డాక్టర్లు బాగా చూశారు, తొందరపెట్టలేదు, అనవసరమైన టెస్టు ఒక్కటి రాయలేదు. తెలుగు మాట్లాడేవాళ్ళు వార్డులో దొరికారు. ఆ విషయంలో మీ పెదనాన్నగారు చెప్పింది నిజమే.

కానీ ఆయన చెప్పనిది ఒకటుంది. ఆపరేషన్ గంటన్నర. ఆ తర్వాత కాలు వంచడం, చాపడం ఆరు వారాలు. నేను పదిహేను రోజులు లాడ్జి గదిలో ఉండి, కట్టు కాలుతో కాట్పాడిలో రైలెక్కాను. బెర్తు మీదకి కాలు ఎత్తలేక మా అబ్బాయీ, పక్క సీటు కుర్రాడూ కలిసి ఎత్తారు. ఇంటికొచ్చాక ఫిజియోథెరపీకి మా ఊళ్ళో సరైన మనిషి దొరకలేదు. ఎడమ కాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. అది ఆసుపత్రి తప్పు కాదు, దూరం తప్పు. మీ పట్టికలో దూరం అన్న గడిలో కిలోమీటర్లు కాదు, ఎన్నిసార్లు వెళ్ళాలో రాసుకోండి.


క్వాలిటీ_డెస్క్
మార్చి 4, మధ్యాహ్నం 1:20

నేను ఆసుపత్రుల క్వాలిటీ విభాగంలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఎన్‌ఏబీహెచ్ గడి గురించి రెండు ముక్కలు.

ఇది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద నడిచే గుర్తింపు. ఉందా లేదా అని మాత్రమే అడగకండి, ఏ మెట్టుదో అడగండి. ఎంట్రీ లెవెల్ వేరు, పూర్తి అక్రిడిటేషన్ వేరు. బోర్డు మీద మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి. సర్టిఫికెట్ మీద గడువు తేదీ కూడా ఉంటుంది. పాతది అలాగే ఫ్రేము కట్టి వదిలేసినవి చూశాను.

ఇక గుర్తింపు ఉన్నంత మాత్రాన మంచి వైద్యం అని కాదు, పద్ధతి ఒకటి ఉందని మాత్రం అర్థం. తనిఖీ వారం మేం పడే హడావిడి దేవుడికెరుక. చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా ప్రతి మంచం దగ్గరా ప్రత్యక్షమవుతుంది. అయినా ఆ హడావిడిలోనే కొన్ని అలవాట్లు నిలబడిపోతాయి. ఆపరేషన్‌కి ముందు చెక్‌లిస్టు అలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన పంతొమ్మిది అంశాల కాగితం. ఈ రోగి ఎవరు, ఏ వైపు కాలు, కోతకి ముందు గంటలోపు యాంటీబయాటిక్ పడిందా, ఇలాంటివి గట్టిగా పైకి చదవాలి. ఎనిమిది నగరాల్లో, అందులో ఢిల్లీ కూడా ఉంది, దాన్ని పెట్టి చూస్తే ఆపరేషన్ తర్వాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కొత్త మిషను లేదు, కొత్త మందు లేదు. ఒక కాగితం.

మోకాలి మార్పిడిలో అసలు భయం ఇన్ఫెక్షన్. లోపల పెట్టిన లోహానికి చీము పట్టిందంటే మళ్ళీ తెరవాలి, ఒక్కోసారి తీసి కడిగి నెలల తర్వాత మళ్ళీ పెట్టాలి. కాబట్టి "మీ ఇన్ఫెక్షన్ శాతం ఎంత?" అని అడగండి. "జీరో" అంటే సంతోషపడకండి. "ఎన్ని రోజుల వరకు లెక్కపెట్టారు?" అని రెండో ప్రశ్న వేయండి. ఇలాంటి ఆపరేషన్లకి తొంభై రోజులు గమనించడం పద్ధతి. డిశ్చార్జ్ అయ్యే నాలుగో రోజు వరకే లెక్కపెడితే ఎవరికైనా జీరోనే వస్తుంది. చీము అంత తొందరగా బయటపడదు.


తెనాలి_పిల్ల
మార్చి 4, మధ్యాహ్నం 1:48

ఆ రెండో ప్రశ్న నాకు జన్మలో తట్టేది కాదు. కానీ అడిగితే చెప్తారా? ఇక్కడ డాక్టర్‌ని ప్రశ్న అడగాలంటేనే అమ్మ నా చెయ్యి గిల్లుతుంది.


క్వాలిటీ_డెస్క్
మార్చి 4, మధ్యాహ్నం 2:02

చెప్పకపోవచ్చు. ఎలా చెప్పలేదన్నది కూడా సమాచారమే.


విశాఖ_గాలి
మార్చి 4, సాయంత్రం 6:44

పైన చెప్పిన చీము సంగతి మా నాన్నకి జరిగింది, అందుకే రాస్తున్నా. పేరున్న ఆసుపత్రి. నాలుగో రోజు పూలగుత్తి ఇచ్చి పంపారు, ఫొటో తీసి వాళ్ళ పేజీలో పెట్టారు. ఇరవై రెండో రోజు మోకాలు ఎర్రబడి, కుట్టు చివర తడి. ఫోన్ చేస్తే "నార్మలే సార్, ఐస్ పెట్టండి" అన్నారు. నెల తిరిగేసరికి మళ్ళీ టేబుల్ మీద. మొత్తం మూడు ఆపరేషన్లు. ఆ పూలగుత్తి ఫొటో ఇప్పటికీ అక్కడే ఉంది, కింద 300 లైకులు. చేసింది డాక్టర్ [మోడరేటర్ తొలగించారు].


మోడరేటర్
మార్చి 4, సాయంత్రం 7:10

విశాఖ_గాలి గారూ, మీ బాధ అర్థమైంది. పేరు, ఫోన్ నంబరు తీసేశాం, మిగతాది అలాగే ఉంచాం. కేసు షీటు కాపీ మీ దగ్గర లేకపోతే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలో ఉంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే దారి కూడా ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం దాని పరిధిలోకే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.


విశాఖ_గాలి
మార్చి 4, సాయంత్రం 7:32

థాంక్స్. కాపీ ఉంది. చెప్పొచ్చేది ఏంటంటే, ఇన్ఫెక్షన్ ఎక్కడైనా వస్తుంది, అది నాకూ తెలుసు. ఫోన్ చేసినప్పుడు "రేపు పొద్దున తీసుకురండి" అనుంటే మూడు ఆపరేషన్లు ఒకటితో అయ్యేవేమో. అందుకని, ఆపరేషన్ తర్వాత రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో ముందే కనుక్కోండి.


లీడ్స్_ఫిజియో
మార్చి 5, ఉదయం 3:15

ఇంగ్లండ్‌లో మోకాళ్ళతోనే నా రోజంతా గడుస్తుంది కాబట్టి నా వంతు.

ఇక్కడ 2003 నుంచి నేషనల్ జాయింట్ రిజిస్ట్రీ అని ఒకటి ఉంది. ఏ ఆసుపత్రిలో ఏ కీలు పెట్టారు, ఎప్పుడు మళ్ళీ మార్చాల్సి వచ్చింది, అన్నీ ఎక్కుతాయి. ఆసుపత్రి పేరు కొట్టి మామూలు జనం కూడా చూసుకోవచ్చు. ఒక కంపెనీ కీలు తొందరగా పాడవుతోందంటే రిజిస్ట్రీలోనే బయటపడుతుంది.

దానికంటే నాకు నచ్చింది ఇంకొకటి. 2009 నుంచి ప్రభుత్వ ఖర్చుతో మోకాలి మార్పిడికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఆపరేషన్‌కి ముందు ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి అవే పన్నెండు ప్రశ్నలు ఇస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్ అంటారు. రాత్రి నొప్పికి నిద్ర చెడుతోందా, మెట్లు దిగగలరా, ఒక్కరే కొట్టుకెళ్ళి సరుకులు తెచ్చుకోగలరా, మోకాళ్ళ మీద కూర్చుని లేవగలరా. ప్రశ్నకి నాలుగు మార్కులు, మొత్తం 48. ఆసుపత్రి ఎలా ఉంది, నర్సు నవ్విందా అని అడగరు. నీ కాలు ఏం చేయగలుగుతోంది అని అడుగుతారు.

ఇంకో మాట ముందే చెప్తున్నా, తర్వాత నిరాశ పడకూడదని. ఆపరేషన్ పుస్తకంలో ఉన్నట్టే జరిగినా, చేయించుకున్న ఐదుగురిలో ఒకరికి పూర్తి తృప్తి ఉండదు. ఇది ఏ దేశంలో అడిగినా దాదాపు ఇంతే. ఎక్కువగా ఆశలకీ కీలుకీ పొత్తు కుదరక. మన అమ్మలు పీట మీద కూర్చుని కూర తరగాలనుకుంటారు. కొత్త మోకాలికి అది పెద్ద పరీక్ష. మీ అమ్మగారిని ఇప్పుడే అడగండి: ఈ ఆపరేషన్ తర్వాత ఏం చేయగలగాలి? ఆ జవాబు సర్జన్‌కి చెప్పండి. "ఓ, అన్నీ చేసుకోవచ్చు" అనేవాడికంటే "నేల మీద కూర్చోవడం మర్చిపోండమ్మా" అనేవాడు నయం.


కొలంబస్_కృష్ణ
మార్చి 5, ఉదయం 7:50

నేను అమెరికాలో ఆసుపత్రి డేటా చూసే ఉద్యోగంలో ఉన్నా. ఇక్కడ పేషెంట్ తృప్తిని కొలవడానికి హెచ్‌క్యాప్స్ అనే సర్వే ఉంది. డిశ్చార్జ్ అయిన 48 గంటల తర్వాత నుంచి ఆరు వారాల లోపు పంపుతారు, కౌంటర్ దగ్గర ట్యాబ్ పెట్టి కాదు. నర్సులు మీ మాట శ్రద్ధగా విన్నారా అంటే "ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, సాధారణంగా, ఎల్లప్పుడూ" అని నాలుగు జవాబులు. మార్కు వేసేటప్పుడు "ఎల్లప్పుడూ" అన్నవాళ్ళనే లెక్కపెడతాం. 2008 నుంచి ఫలితాలు అందరికీ కనిపిస్తాయి. 2012 చివరి నుంచి ఆసుపత్రికి మెడికేర్ (పెద్దవయసువాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ బీమా) ఇచ్చే డబ్బులో కొంత దానికి ముడిపెట్టారు.

డబ్బు ముడిపెట్టాక ఏమవుతుందో మీకు తెలుసు. నొప్పి బాగా తగ్గించారా అన్న ప్రశ్న అందులో ఉండేది. మార్కుల కోసం డాక్టర్లు ఓపియాయిడ్ మాత్రలు (అలవాటైపోయే బలమైన నొప్పి మందులు) ధారాళంగా రాస్తారేమో అన్న భయం పుట్టింది. చివరికి 2019 నాటికి నొప్పి ప్రశ్నలు సర్వే నుంచే తీసేశారు.

తృప్తికీ మంచి వైద్యానికీ సంబంధం ఉందా అంటే, రెండు వైపులా ఆధారాలున్నాయి. 2008లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో పేషెంట్లు మెచ్చుకున్న ఆసుపత్రుల్లో వైద్యం కూడా కాస్త మెరుగ్గానే ఉందని తేలింది. 2012లో మరోటి వచ్చింది: బాగా తృప్తిగా ఉన్నామన్న వర్గంలో మందుల ఖర్చు ఎక్కువ, ఆసుపత్రిలో చేరడాలు ఎక్కువ, మరణాలూ ఎక్కువ. అడిగిన ప్రతి టెస్టూ రాసే డాక్టరు అందరికీ నచ్చుతాడు కదా!

పదేళ్ళు ఈ లెక్కలు చూశాక నా అభిప్రాయం ఒక్కటే. భోజనం, గది, టీవీ గురించిన మార్కులు పక్కన పడేయండి. "విన్నారా, అర్థమయ్యేట్టు చెప్పారా, ఇంటికెళ్ళాక ఏం చూసుకోవాలో చెప్పారా" అన్నవి మాత్రం చూడండి. విశాఖ_గాలి గారి నాన్నగారి విషయంలో పడిపోయింది సరిగ్గా అక్కడే.


ఓపీ_చీటీ
మార్చి 5, ఉదయం 8:20

తృప్తి గురించి ఒక పిట్టకథ కాదు, లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో కాన్పులు నూటికి 81.5 సిజేరియన్లు. ఆంధ్రాలో 63. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తారు, స్వీట్లు పంచుతారు, ఫైవ్ స్టార్ ఇస్తారు. కోత అవసరమా కాదా అన్నదానికి స్టార్లలో గడి లేదు.


కొలంబస్_కృష్ణ
మార్చి 5, ఉదయం 8:41

కరెక్ట్. ఇంకోటి కూడా. మరణాల లెక్క బయటపెట్టినా తిప్పలే. న్యూయార్క్ రాష్ట్రం 1990లో బైపాస్ ఆపరేషన్ల మరణాలు ఆసుపత్రి వారీగా అచ్చేసింది, తర్వాత సర్జన్ల వారీగా కూడా బయటికొచ్చాయి. మరణాలు తగ్గాయి. కానీ మార్కు పడిపోతుందని బాగా జబ్బుపడ్డవాళ్ళని సర్జన్లు తీసుకోవడం మానేస్తున్నారన్న వాదనా మొదలైంది. మన గాంధీ, కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకి చివరి నిమిషంలో అంబులెన్స్‌లో వచ్చేవాళ్ళనీ, కార్పొరేట్‌కి నడిచొచ్చేవాళ్ళనీ ఒకే తక్కెడలో పెడితే ఆ లెక్క అన్యాయం.


నైట్_డ్యూటీ
మార్చి 5, రాత్రి 11:55

అందరూ పెద్ద పెద్ద లెక్కలు చెప్పారు. నేను స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ళ సర్వీసు. రెండు కార్పొరేట్లు, ఒక చిన్న ఆసుపత్రి చూశాను.

తెనాలి అక్కా, ఆసుపత్రిని పగలు పదకొండింటికి చూడకండి. రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్ళండి, చుట్టాన్ని చూడటానికి వచ్చినట్టు. వార్డులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు లెక్కపెట్టండి. వార్డులో ఆరుగురికి ఒక నర్సు ఉండాలని రాతల్లో ఉంటుంది. నేను ఇరవై ఇద్దరిని ఒక్కదాన్నే చూసిన రాత్రులున్నాయి. అలాంటి రాత్రి మీ అమ్మగారు బెల్ కొడితే నేను నిర్లక్ష్యంతో రాకుండా ఉండను, ఏడో నంబరు మంచం దగ్గర రక్తం ఎక్కిస్తూ ఉంటాను. అది రివ్యూలో "నర్సులు రూడ్" అని పడుతుంది.

ఇంకో చిట్కా. వార్డులో ఉన్న నర్సులని "ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు?" అని మామూలుగా అడగండి. అందరూ మూడు నెలలు, ఐదు నెలలు అన్నారంటే అక్కడ జీతాలు సరిగ్గా రావట్లేదు, పాతవాళ్ళు వెళ్ళిపోతున్నారు. నాలుగేళ్ళు, ఏడేళ్ళు అనేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తే ధైర్యంగా చేర్చండి. డాక్టరు రోజుకి ఐదు నిమిషాలు వస్తాడు. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఐదు నిమిషాలు మేమే.


రిటైర్డ్_మాస్టారు
మార్చి 6, ఉదయం 5:50

తల్లీ, నీ మాట అక్షరలక్షలు. నా ఆపరేషన్ చేసిన డాక్టరు మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. రాత్రి రెండింటికి కాలు కింద దిండు సర్దిన సిస్టర్ మొహం గుర్తుంది.


తెనాలి_పిల్ల
మార్చి 16, రాత్రి 9:05

ఇవాళ్టికి రెండు చోట్లా తిరిగొచ్చాను. వేలూరు మాస్టారి రైలు కథ విన్నాక అమ్మే వద్దంది.

హైదరాబాద్‌లో డాక్టర్‌కంటే ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి ముక్కాలు గంట మాట్లాడింది. మజ్జిగ ఇచ్చారు, ఏసీ బాగుంది. ఇన్ఫెక్షన్ అడిగితే "జీరో మేడమ్". ఎన్ని రోజుల వరకు లెక్క అంటే నవ్వి, బ్రోచర్ ఇంకో పేజీ తిప్పింది. రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయించుకుంటే డిస్కౌంట్ ఉందట. ఎడమది ఇప్పుడు అవసరం లేదన్నారు కదా అంటే "ఎలాగూ చేయించాల్సిందే కదా" అంది. చీరల షాపులో ఉన్నట్టే అనిపించింది. సర్జన్‌తో ఆరు నిమిషాలు. అమ్మ మూడు నెలల షుగర్ సగటు 9.1. "అడ్మిట్ అయ్యాక ఇన్సులిన్‌తో చూసుకుంటాం, సోమవారం రండి" అన్నారు.

విజయవాడలో రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఫ్యాను తిరుగుతోందా అంటే తిరుగుతోంది. డాక్టర్‌గారు రిపోర్టు చూసి మొదటి మాటే "ఈ షుగర్‌తో నేను చేయను" అన్నారు. ఎనిమిది లోపుకి తెచ్చుకుని రమ్మన్నారు. పళ్ళ డాక్టర్‌కి చూపించమన్నారు, పుచ్చిన పన్ను ఉంటే అక్కడి నుంచి కూడా ఇన్ఫెక్షన్ రావచ్చట. మూత్రం పరీక్ష రాశారు. కీలు ఏ రకం, ధర ఎంత అని అడిగితే కోబాల్ట్ క్రోమ్ లోహం అని చెప్పి, ప్రభుత్వం 2017లో వీటికి ధర పరిమితి పెట్టిన సంగతీ ఆయనే చెప్పారు, అప్పట్లో 54,720 రూపాయలు ప్లస్ జీఎస్టీ అట. బిల్లులో కీలు విడిగా చూపిస్తామన్నారు.

ఇన్ఫెక్షన్ సంగతి అడిగినప్పుడు అమ్మ నన్ను గిల్లింది. ఆయన డ్రాయర్ లాగి, పొడుగాటి రిజిస్టరు తీశారు. పోయిన ఏడాదివి వేలితో చూపించారు. ముగ్గురిని మళ్ళీ తెరవాల్సి వచ్చిందట. "ఇద్దరు షుగర్ వాళ్ళు. ఇంకొకాయనది మాత్రం మేం తొందరపడ్డాం" అన్నారు. అమ్మ గిల్లడం ఆపేసింది.

రాత్రి తొమ్మిదిన్నరకి మళ్ళీ వెళ్ళాను. పంతొమ్మిది మంది పేషెంట్లు, ముగ్గురు నర్సులు. ఒకావిడది తొమ్మిదేళ్ళ సర్వీసు.


నైట్_డ్యూటీ
మార్చి 16, రాత్రి 9:40

పంతొమ్మిదికి ముగ్గురా! నాకు ఉద్యోగం ఉందేమో అడగాల్సింది అక్కా.


లీడ్స్_ఫిజియో
మార్చి 17, ఉదయం 2:30

వాయిదా వేసిన సర్జన్‌ని వదులుకోకండి. ఇప్పుడే పన్నెండు ప్రశ్నలకి అమ్మగారి జవాబులు రాసి పెట్టుకోండి, తేదీ వేసి. షుగర్ దిగేలోపు తొడ కండరం బలపడే వ్యాయామాలు చేయించండి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పదంకెలు లెక్కపెట్టడం చాలు మొదటికి.


ఓపీ_చీటీ
మార్చి 17, ఉదయం 9:15

ఇన్సూరెన్స్ ఉంటే ఒక్క మాట. డిశ్చార్జ్ రోజు "అప్రూవల్ రాలేదు" అని సాయంత్రం దాకా కూర్చోబెడతారు. ఆసుపత్రి బిల్లు పంపాక మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. బిల్లు ఎన్నింటికి పంపారో కౌంటర్‌లో టైము అడిగి ఫోన్‌లో రాసుకోండి. అడిగితేనే కదులుతుంది ఫైలు.


తెనాలి_పిల్ల
జూన్ 29, మధ్యాహ్నం 3:10

చాలామంది మెసేజ్ చేశారు, ఆలస్యానికి సారీ. షుగర్ 7.4కి వచ్చింది, పుచ్చు పన్ను పీకించాం, ఈ నెల 12న విజయవాడలోనే ఆపరేషన్ అయింది. ఎడమ కాలు జోలికి పోలేదు. రెండో రోజే వాకర్‌తో నడిపించారు.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆపరేషన్ రోజు రాత్రి మత్తు దిగాక అమ్మకి విపరీతమైన నొప్పి, బెల్ కొడితే నలభై నిమిషాలు ఎవరూ రాలేదు. ఆ రాత్రి ముగ్గురు నర్సుల్లో ఒకరు సెలవు, ఇంకొకరు కింద ఎమర్జెన్సీలో. నేను వరండాలో పరిగెత్తి ఆ తొమ్మిదేళ్ళ సర్వీసు ఆవిడని పట్టుకొచ్చాను. ఆవిడ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని "క్షమించండి టీచర్‌గారూ" అంది. లిఫ్ట్ ఒకపూట పనిచేయలేదు. కాఫీ గురించి అమ్మ ఇప్పటికీ తిడుతోంది.

డిశ్చార్జ్ రోజు ఫీడ్‌బ్యాక్ కాగితం ఇచ్చారు. అమ్మ ఎర్ర పెన్ను అడిగింది. పదికి ఆరు వేసి, పక్కన "రాత్రి సిబ్బంది చాలరు, ఉన్నవారు మంచివారు" అని రాసి సంతకం పెట్టింది. పదిహేనో రోజు కుట్టు దగ్గర కొంచెం ఎర్రగా అనిపించి రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాను. విశాఖ_గాలి గారూ, మిమ్మల్ని తలుచుకుంటూనే చేశాను. "పొద్దున ఏడింటికి తీసుకురండి, ఏమీ తినిపించకుండా" అన్నారు. ప్లాస్టర్ పడక వచ్చిన దద్దురు అంతే. ఆటోలో తెనాలి నుంచి వెళ్ళి రావడానికి ఒక పూట పట్టింది.


విశాఖ_గాలి
జూన్ 29, సాయంత్రం 5:26

ఏమీ కాకపోయినా పిలిచారు చూడండి, నాకు కావాల్సింది అదే. అమ్మగారికి నమస్కారాలు.


తెనాలి_పిల్ల
డిసెంబర్ 14, ఉదయం 11:20

ఆరు నెలలు నిండాయి. మార్చిలో రాసి పెట్టుకున్న పన్నెండు ప్రశ్నల కాగితం తీశాం. అప్పుడు 48కి 13. ఇవాళ అమ్మే కళ్ళజోడు పెట్టుకుని తనకి తనే దిద్దుకుంది. 37 వచ్చింది. రాత్రి నొప్పికి ఫుల్ మార్కులు. మెట్లకి మూడు. మోకాళ్ళ మీద కూర్చుని లేవడానికి సున్నా, దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. పూజ కుర్చీలో కూర్చునే చేసుకుంటోంది, అది మాత్రం మనసుకి పట్టలేదు. "డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి మార్కులు కోయను" అంది.

ఎడమ కాలు ఇప్పుడు సతాయిస్తోంది. వేసవి సెలవుల్లో పిల్లలు వచ్చేలోపు అయిపోవాలని తేదీ అడగమంటోంది. అదే ఆసుపత్రి, అదే నర్సు. కాఫీ మాత్రం ఫ్లాస్కులో పంపాలట.


క్వాలిటీ_డెస్క్
డిసెంబర్ 14, మధ్యాహ్నం 12:05

కీలు డబ్బా మీద బార్‌కోడ్ స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి కేసు షీటులో అంటించి ఒకటి మీకు ఇవ్వాలి. దాచారా?


తెనాలి_పిల్ల
డిసెంబర్ 14, మధ్యాహ్నం 12:11

దాచాను. బీరువాలో, ఎల్‌ఐసీ బాండ్ల కవర్లో.